తల కనిపించని మేఘం

ఇరవై డిగ్రీలు, అంతే, అంతకు మించి పైకి చూడదు ఈ మహాతల్లి. మెడ పట్టేసిన ముసలమ్మలాగా చుట్టూ తిరుగుతూ కొంచెం కొంచెంగా తల ఎత్తుతుంది, ఇరవై దగ్గర ఇక నా వల్ల కాదన్నట్టు ఆగిపోతుంది, మళ్ళీ తల దించుకుని సముద్రం మీది నుంచి మొదటి చుట్టు మొదలుపెడుతుంది. అడుగు నుంచి పై దాకా ఒకసారి చూసి రావడానికి పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ లోకంలో ఏం జరిగినా రాడార్ తెర మీది బొమ్మ కదలదు. ఇతిశ్రీ చల్లారిపోయిన టీ గ్లాసును చేత్తో తిప్పుతూ ఆ కదలని బొమ్మనే చూస్తోంది. వాయవ్యం నుంచి వస్తున్న ఎర్రటి ముద్ద, దాని దారిలో తెర మీద పేరు కూడా లేని ఒక చోటు. ఆ చోటికి పేరుంది, తెంతుళిపదా, అక్కడ ఆడపడుచు మినతి ఇల్లుంది, ఇంటి ముందు మామిడిచెట్టుంది, చెట్టు కొమ్మకు కొబ్బరితాళ్ళతో కట్టిన ఉయ్యాల ఉంది, ఆ ఉయ్యాల మీద ఈ క్షణాన తన కూతురు ఝిల్లి ఉంటుంది, నిలబడి ఊగుతూ ఉంటుంది, ఎందుకంటే కూర్చుని ఊగేది చిన్నపిల్లలని పొద్దున్నే చెప్పింది. ఇందాకటి చుట్టులో మేఘం ఎత్తు పద్నాలుగు కిలోమీటర్లు. ఇప్పుడు తొమ్మిది. తగ్గింది. తగ్గిందా, తగ్గినట్టు కనబడుతోందా?

దూరాన ఉన్న మేఘానికి కాళ్ళు కనబడవు, దగ్గరికొచ్చిన మేఘానికి తల కనబడదు, పట్టజోషి సార్ మాట అది. ఉద్యోగంలో చేరిన మొదటి వేసవిలో, బుగ్గన పాన్ పెట్టుకుని, ఆయన ఇదే కుర్చీ పక్కన నిలబడి చెప్పారు. "చూడమ్మా, నువ్వు అరుగు మీద కూర్చుని వీధి చివర కొబ్బరిచెట్టు చూస్తే మొవ్వు దాకా కనబడుతుంది కదా. అదే చెట్టు మొదట్లో కూర్చుని, మెడ ఎత్తకుండా చూడు. బోదె కనబడుతుంది. చెట్టు పొట్టిదైపోయిందా? మన రాడారమ్మకీ అంతే. మేఘం మన మీదికి వచ్చేకొద్దీ దాని తల తెగిపోతుంది. తల తెగిందని చచ్చిందనుకోకు, మన చూపు తెగింది." అప్పుడు నవ్వింది. ఇప్పుడు నవ్వు రావడం లేదు. పైన అయిదు కిలోమీటర్ల దగ్గర గడ్డకట్టే చలి మొదలవుతుంది, ఆ చలిని దాటి ఇంకా ఇంకా పైకి పోయిన మేఘంలోనే మంచుముక్కలు ఒరుసుకుంటాయి, పిడుగులు పుడతాయి. కాబట్టి ఎత్తే అంతా. పన్నెండు దాటితే హెచ్చరిక. పద్నాలుగప్పుడు ఆమె హెచ్చరిక పంపేసింది, జిల్లాలో అందరి ఫోన్లకూ టింగుమని వెళ్ళే ఉంటుంది, రెండు వారాలుగా రోజూ వెళ్తున్నట్టే. ఇవాళ రజ, ఆడపిల్లల ఉయ్యాలల పండుగ, మొదటి రోజు. ఉప్పు, చేపలు, పరీక్షా ఫలితాలు అన్నీ మానేసి జనం ఊగుతూ ఉంటారు, ఫోన్ ఎవడు చూస్తాడు? పోనీ మేఘం చూసి భయపడతారా అంటే, రజనాడు మబ్బు పడితే భూదేవి సంతోషించిందని పాట ఇంకో గొంతు ఎత్తుకుంటారు. మొదటి చినుకుల్లో ఊగితేనే మజా అంటారు. తనూ ఊగింది.

తను ఫోన్ చేయవచ్చు. బల్ల మీదే ఉంది ఫోన్. చేయకూడదు. ఒట్టు వేసింది. తెల్లవారకముందే పసుపు రాసుకుని తలస్నానం చేసింది ఝిల్లి, మళ్ళీ మూడు రోజుల దాకా స్నానం ఉండదు, భూమికి ముట్టొచ్చే మూడు రోజులూ నాగలి కదలదు, ఆడపిల్ల పని ముట్టదు, ఒట్టి కాలు నేల మీద పెట్టదు. ఫాల్గుణంలో పెద్దమనిషైన పిల్ల, ఆ తరవాత ఇదే మొదటి రజ, ఇన్నేళ్ళూ ఉయ్యాల తోసే పిల్ల, ఇప్పుడు పండుగే తనది. కొత్త చీర కట్టబెట్టి, పాదాలకు పారాణి దిద్దుతుంటే అంది, "అమ్మా, నీ చెయ్యి ఇలా ఇయ్యి." లేచి ఇస్తే తీసుకెళ్ళి తన తల మీద పెట్టుకుంది. "నాకు గానీ, మినతత్తకి గానీ, ఇంకెవరికైనా గానీ, మేఘం మాట ఎత్తి ఫోన్ చెయ్యనని నా మీద ఒట్టెయ్యి." వద్దే, ఒట్లేంటే పొద్దున్నే అంటే, "ఎయ్యి. లేకపోతే నేను వెళ్ళను, ఇంట్లోనే గోడకేసి తిరిగి పడుకుంటా." వేసింది. ఏం చేస్తుంది? వేస్తున్నప్పుడు ఒకటే గమనించింది, చెయ్యి దించాల్సింది పోయి ఎత్తాల్సి వచ్చింది, పిల్ల తల తన కళ్ళ దాకా వచ్చేసింది, ఎప్పుడు వచ్చింది, రోజూ పక్కనే పడుకునే పిల్ల, రోజూ జడ వేసే పిల్ల, చెయ్యి తల మీదే ఉంచి అలా నిలబడిపోతే, "ఆటో వెళ్ళిపోతుందమ్మా" అని విసుక్కుంది.

పిల్ల తప్పేం లేదు. నిరుడు జరిగిన అవమానం అలాంటిది. నిరుడూ ఇలాగే, ఇదే దిక్కు నుంచి, ఇలాగే ఎర్రగా వచ్చింది. దగ్గరికొచ్చేసరికి ఎత్తు తగ్గింది, ఆహా నన్ను మోసం చేస్తావా, నీ తల నాకు కనబడకపోయినా నువ్వున్నావని నాకు తెలుసు అనుకుని, పట్టజోషి సార్ మాట తలుచుకుని, మినతికి ఫోన్ చేసి గోల చేసింది. మినతి ఊరంతా గోల చేసింది. ఉయ్యాలలు ఆపించారు, ఆడపిల్లల్నందర్నీ బడి గదిలో పెట్టి తలుపులు వేశారు, పాట ఆగింది, పేకాట ఆగింది. తీరా చూస్తే మేఘానికి నిజంగానే తల లేదు. సముద్రపు గాలి తగలగానే కుప్పకూలి, పైన వట్టి తెల్లపొగ మిగిలింది. పావుగంటలో కళ్ళు చెదిరే ఎండ. ఒక్క చినుకు లేదు. కబడ్డీ ఆడే కుర్రాళ్ళు ఊరుకుంటారా, "మీ అమ్మ మేఘం వేరే ఇంట్లో పండగ పిఠా తినడానికి పోయిందట" అన్నారు. ఆ రోజు నుంచి ఝిల్లికి మేఘాలమ్మాయి అని పేరు. ఉక్కపోస్తే, "మేఘాలమ్మాయీ, మీ అమ్మనడిగి ఒక ముక్క మబ్బు పంపించవే." బట్టలారేస్తే, "మేఘాలమ్మాయీ, తీసెయ్యమంటావా, ఉంచమంటావా?" బడిలో కూడా పాకింది. పిల్ల నెల రోజులు తనతో సరిగా మాట్లాడలేదు. పులి వచ్చె నాన్నా అన్న కథలో కుర్రవాడు అబద్ధమాడాడు, తను ఆడలేదు కదా, కానీ అరుపు విని పరుగెత్తుకొచ్చిన వాళ్ళకి రెండూ ఒకటే.

ఫోన్ మోగింది. లాక్కుని చూస్తే జిల్లా కంట్రోల్ రూమ్ నుంచి జెనాబాబు, పండగపూట డ్యూటీ పడిందన్న కసి గొంతులో వినబడుతోంది. "మేడమ్, మీ బొమ్మలో తొమ్మిది చూపిస్తోంది. పడిపోయినట్టేగా? ఇక్కడ రజ మేళా వాళ్ళు నా ప్రాణం తీస్తున్నారు, స్టేజీ మీద డాన్సు పిల్లలు రెడీగా ఉన్నారు, మైకు పెట్టాలా వద్దా అని. హెచ్చరిక కొట్టేద్దామా?" కొట్టెయ్ అనడం ఎంత సుఖం. తొమ్మిదే కదా, రాడార్ చెప్పింది కదా, రేపు ఎవరైనా అడిగితే అంకె చూపించవచ్చు. "కొట్టెయ్యొద్దు జెనాబాబూ." "నిరుడు కూడా మీరే—" "నిరుడు కూడా నేనే. ఉండనీయండి." "సరే, పండగ చెడగొట్టారన్న పేరు మీదే, నాది కాదు" అని పెట్టేశాడు. ఆఫీసు పని వరకు తేలికే. ఒట్టు లేదు అక్కడ. జిల్లా మొత్తానికి చెప్పగలిగిన మనిషి ఒక్క ఇంటికి చెప్పలేకపోతోంది. రెండో కన్ను ఏదైనా ఉంటే బాగుండును, లోపలి జిల్లాల వైపు నుంచి ఇదే మేఘాన్ని దూరంగా చూసే రాడార్ ఉంది గానీ అది మరమ్మతులో ఉంది, ఉపగ్రహం బొమ్మ అరగంట పాతది, అరగంటలో మేఘం పుట్టి పెరిగి చచ్చిపోగలదు.

కొత్త బొమ్మ వచ్చింది. ఆరున్నర. మేఘం ఇంకా దగ్గరికొచ్చింది, ఇక్కడి నుంచి ఇరవై డిగ్రీల గీత ఆ దూరంలో ఎంత ఎత్తున ఉంటుందో ఆమెకు నోటికి వచ్చు, ఆరున్నరే. అంటే మేఘం ఎంత ఉంటే అంత కాదు, తను ఎంత చూడగలిగితే అంత. కత్తితో కోసినట్టు పైభాగం చదునుగా ఉంది. నిరుడూ చదునుగానే ఉంది. లేచి తలుపు తీసుకుని బయటికి వచ్చింది. ఏసీ గదిలోంచి రాగానే వేడి మొహాన కొట్టింది, ఆకు కదలడం లేదు, సరుగుడు తోపు ఎప్పుడూ ఏదో ఒకటి గొణుగుతూ ఉండేది, అది కూడా నోరు మూసుకుంది, ఎండుచేపల వాసన గాలిలో అలాగే నిలబడిపోయింది. ఆకాశంలో సగం మేర పాలమీగడ రంగులో ఒక పలచటి కప్పు పరుచుకుని సూర్యుడి మీదికి వచ్చింది. అది ఈ మేఘం తలేనా, పొద్దున్న విడిపోయిన పాతదాని మిగులా? మెడ ఎత్తి ఎంతసేపు చూసినా తెలియలేదు. కింద నిలబడ్డవాడికి పై ఎత్తు తెలియదు, చిన్నప్పుడు అమ్మమ్మ పైకెత్తి పట్టుకున్న చేతిలో ఏముందో తెలిసేది కాదు అలాగే, తన ఉయ్యాల ఎంత ఎత్తుకు పోయిందో అమ్మకూ తెలిసేది కాదు. కింద నిలబడి, చాలే, చాలే దిగవే అని అరిచేది. నలుగురు ఆడపిల్లల్లో ఆఖరిది తను, ఇక చాలు దేవుడా అని ఇతిశ్రీ అని పేరు పెట్టారు, శ్రీకారం చుట్టడానికి కాదు, ముగించడానికి. అంత వద్దనుకున్న పిల్ల ఉయ్యాల ఎక్కితే కూడా అమ్మ కింద నిలబడే అరిచేది. ఉయ్యాల కొమ్మతో సమంగా లేచినప్పుడు తాడు ఒక్క క్షణం వదులవుతుంది, కడుపులో ఏదో జారుతుంది, ఆ క్షణంలో ఊరవతల నది కనబడేది, నది అవతల ఊరు కనబడేది, ఆ క్షణం కోసమే ఏడాదంతా ఎదురుచూసేది. ఝిల్లికి ఇవాళ నది కనబడి ఉంటుంది. కనబడాలి. దాన్ని దింపేయమని ఏ నోటితో చెప్పడం?

రేపు పేపర్లో ఎక్కడో లోపలి పేజీలో నాలుగు వాక్యాలు ఉంటాయి, ఎప్పుడూ ఉంటాయి, నాట్లేస్తున్న మనిషి, పశువులు తోలుకొస్తున్న మనిషి, చెట్టు కింద నిలబడ్డ ముగ్గురు. చెట్టు కింద. ఎప్పుడూ చెట్టు కింద. ఆ వార్త చదివినప్పుడల్లా ఆమె ఆ రోజు, ఆ చోట మేఘం ఎత్తెంతో తీసి చూస్తుంది, ఎందుకు చూస్తుందో తనకే తెలియదు, చూసి, పదహారు, అని పైకి అనుకుంటుంది, అనుకుంటే ఏం లాభం. ఒట్టు తీసి గట్టు మీద పెట్టు అంటారు, ఇంత చదువు చదివి, మంచుముక్కలు ఎలా ఒరుసుకుంటాయో పిల్లలకు పాఠం చెప్పగలిగి, పిల్ల తల మీద చెయ్యి పెట్టి అన్న మాట తప్పితే ఆ తలకే ఏదో అవుతుందని భయపడుతోందంటే నవ్వుతారు ఎవరైనా. నవ్వనీ. భయం వేస్తోంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఫోన్ చేస్తే ఒట్టు, చేయకపోతే పిడుగు, రెండూ ఆ తల మీదే పడతాయి, పొద్దున తన కళ్ళ దాకా ఎదిగి కనబడ్డ ఆ తల మీదే, గంధం నూనె వాసన వేసిన తల. అరచేతిని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ వాసన ఇంకా కొంచెం ఉంది. చేతికి ఇంకో వాసన కూడా ఉంది, తియ్యగా, లవంగం, గుల్కంద్, కొబ్బరి. పాన్లు. పొద్దున ఆటో ఎక్కించే ముందు సందు మొగలో రజ పాన్ల దుకాణంలో పెట్టె నిండా కట్టించి ఇచ్చింది, అత్తవాళ్ళ ఊరి పిల్లలందరికీ సాయంత్రం పంచమని. మేఘం మాట ఎత్తి చెయ్యనని కదా ఒట్టు. పాన్ల మాట ఎత్తితే?

లోపలికి పరుగెత్తింది. నెంబరు నొక్కింది. మోగుతోంది, మోగుతోంది, తియ్యవే తల్లీ, తియ్యి, మోగుతోంది, అమ్మయ్య. "వదినా! వినబడట్లేదు గట్టిగా చెప్పు, ఇక్కడ పిల్లలు చెవులు కోసేస్తున్నారు పాటలతో!" మినతి గొంతు వెనక పది పన్నెండు గొంతులు, తాడు కిర్రుమనే చప్పుడు. "మినతీ, పాన్లు పంచావా?" "పాన్లా? సాయంత్రం కదా!" "సాయంత్రం దాకా ఉంటే గుల్కంద్ కారిపోతుంది. ఇప్పుడే పంచు." "ఇప్పుడా? దిగుతారా వీళ్ళు? పోనీ ఉయ్యాల మీదే తలా ఒకటి—" "వద్దు! ఊగుతూ పాన్ తింటే పొలమారుతుంది. డాబా లోపల కూర్చోబెట్టు, అందర్నీ, తలుపు దగ్గరికి వేసి నువ్వే ఒక్కొక్కళ్ళ నోట్లో పెట్టు. ముందు లోపలికి వచ్చినవాళ్ళకి చెర్రీపండు పెట్టినవి, వెనకొచ్చినవాళ్ళకి మామూలువి అని చెప్పు." మినతి గొంతు తగ్గించింది. "వదినా, అంతా బాగానే ఉందా?" "పాన్లే, మినతీ. ఇప్పుడే, నా బంగారు కదూ." "సరే, సరే" అంది మినతి, అనుమానంగా, తరవాత ఫోన్ పెట్టేయకుండానే గొంతు చించుకుంది, "ఒసేయ్ పిల్లలూ, చెర్రీ పాన్లు ఎనిమిదే ఉన్నాయంట, ముందొచ్చినవాళ్ళకే!" ఒక్కసారి కేకలు, తాడు కిర్రుమనడం ఆగడం, చెప్పులు వెతుక్కునే గోల, ఒట్టి కాలు నేల మీద పెట్టకూడదు కదా, ఎవరి చెప్పు ఎవరిదో, వదిలెయ్యండే చెప్పులు, పరుగెత్తండి, భూదేవి ఏమీ అనుకోదు అని లోలోపలే వేడుకుంది ఇతిశ్రీ. ఫోన్ ఆగిపోయింది.

ఇంకో చుట్టు అయింది. నాలుగున్నర చిల్లర. మేఘం సరిగ్గా తెంతుళిపదా మీద ఉంది. నాలుగున్నర అంటే చలి దాకా కూడా పోలేదు, వట్టి వాన మబ్బు, చంటిపిల్ల మబ్బు, జెనాబాబు మళ్ళీ ఫోన్ చేస్తాడు. నిరుడులాగే అయితే? అయితే అవనీ, మేఘాలమ్మాయి అనరు ఈసారి, పాన్లమ్మాయి అంటారు, అది కొంచెం నయం. ఫోన్ మోగింది. ఝిల్లి. "అమ్మా!" నోటి నిండా పాన్, మాట సగం లాలాజలంలో మునిగి వస్తోంది, కోపం మాత్రం మునగలేదు. "నాకు తెలుసు. నువ్వు ఒట్టు తప్పావు." "నేనేమన్నానే? పాన్లు తినమన్నాను." "పొలమారుతుందట! నేను ఉయ్యాల పీట మీద నిలబడి జామకాయ కూడా తిన్నాను పొద్దున. అత్తకి అబద్ధమాడ్డం రాదు, తలుపెందుకు వేశావంటే ఈగలొస్తాయంటోంది. నన్ను మళ్ళీ అందరూ—" అని ఏదో అనబోయింది. ఫోన్ లోంచి ఒక పెద్ద చప్పుడు వచ్చింది. చప్పుడు కూడా కాదు, పెద్ద గుడ్డ ఒకేసారి నిలువునా చింపినట్టు, దాని మీద ఆడపిల్లల అరుపు, అంతే. లైను తెగింది.

ఝిల్లీ. ఝిల్లీ. మళ్ళీ నొక్కింది, పలకలేదు, మినతికి నొక్కింది, అందుబాటులో లేదు, అందుబాటులో లేదు, ఆ యంత్రపు ఆడమనిషి గొంతు ఎంత తీరిగ్గా ఉంది, తలుపు వేసుంది కదా, డాబాయే కదా, మినతి మొగుడు నిరుడు వేయించిన స్లాబు, కిటికీ దగ్గర నిలబడి మాట్లాడుతోందా, తడి గోడకు ఆనుకుందా, ఎవరైనా ఒకరు చెర్రీ పాన్ అక్కర్లేదని ఉయ్యాల మీదే ఉండిపోయారా, ఒట్టు, తప్పాను, తప్పలేదు, మేఘం మాట ఎత్తలేదు, నోటితో ఎత్తలేదు, మనసులో ఎత్తాను, మనసుది లెక్కలోకి వస్తుందా, భూదేవీ నువ్వూ ఆడదానివే కదా, ఇవాళ నీ రోజు కదా, నీ మీద ఒట్టి కాళ్ళతో పరుగెత్తారు పిల్లలు, నేనే పరుగెత్తించాను, నన్ననుకో, వాళ్ళననుకోకు, ఫోన్ పలకదు, అందుబాటులో లేదు, తెర మీద బొమ్మ కదలదు, నాలుగున్నర చిల్లర, అబద్ధాలకోరుదానా, పద్నాలుగున్నావు నువ్వు, పదిహేనున్నావు, అంతసేపూ నీ తల అక్కడే ఉంది. అప్పుడు గోడలు వణికాయి. కిటికీ అద్దాలు గలగలమన్నాయి, గ్లాసులో టీ కదిలింది, దూరాన బండరాళ్ళు దొర్లుతున్నట్టు ఉరుము సముద్రం మీదికి పోయింది. అదే ఉరుము. ఫోన్ లో విన్నదే, ఝిల్లి విన్నదే, పొలాల మీదుగా నడిచి నడిచి ఇప్పటికి చేరింది. అంత ఆలస్యంగా వచ్చిందంటే అంత దూరం, అంత దూరంలో పిల్ల. ఇతిశ్రీ కుర్చీ చేతులు పట్టుకుని అలాగే ఉండిపోయింది.

ఫోన్ మోగింది. మినతి నెంబరు కాదు, ఝిల్లి నెంబరు కాదు, ఎవరిదో. తీసింది. అటునుంచి ముందు ఊపిరి, తరవాత, "అమ్మా, ఉన్నావా?" "ఉన్నానమ్మా, నువ్వున్నావా?" "ఉన్నాం. అందరం ఉన్నాం. అత్త లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెడుతోంది." వెనక ఎవరో చిన్నపిల్ల వెక్కుతోంది, మినతి ఏదో దేవుడి పేరు ఆపకుండా అంటోంది, వాన డాబా మీద దబదబా పడుతోంది. "అమ్మా, మామిడిచెట్టు... పై నుంచి కింద దాకా చీలిపోయింది. ఉయ్యాల పీట కాలుతోంది. వానలో కూడా కాలుతోంది." ఇతిశ్రీ కళ్ళు మూసుకుంది. వాన చప్పుడు విన్నారు ఇద్దరూ, ఒకే వాన, ఇక్కడ ఇంకా పడని వాన. తెర మీద కొత్త బొమ్మ వచ్చింది, ఆమె చూడలేదు. అప్పుడు ఝిల్లి, పొద్దున ఒట్టు వేయించిన గొంతు కాదు, ఎప్పటిదో పాత గొంతు, చీకట్లో నీళ్ళు కావాలని లేపే గొంతు, మెల్లగా అంది. "అమ్మా, రేపు కూడా పండగే కదా." "ఊఁ." "రేపు కూడా పాన్లు పంచమని ఫోన్ చెయ్యి."